గువ్వలచెరువు ఘాట్‌లో పోయిన రెండు సెకన్లు

లారీ డ్రైవర్ కుడిచెయ్యి కిటికీలోంచి బయటికొచ్చింది. మణికట్టుకు ఎర్రదారం. ఆ చెయ్యి రెండుసార్లు ముందుకు ఊగింది. ఘాట్‌లో ఆ సైగకు ఒకటే అర్థం: ఎదర ఖాళీ, పొమ్మని.

మా బామ్మర్ది గేరు రెండులోకి దింపి ఎక్సలేటర్ తొక్కాడు. సగం తొక్కడం వాడికి రాదు. నేలకు ఆనేదాకా తొక్కాడు.

కారు పోలేదు.

పోలేదంటే ఆగిపోయిందని కాదు. ఇంజన్ గొంతు మారింది, బండి ముందుకు జరుగుతూనే ఉంది, కానీ మొండికేసిన ఎద్దును మోకుపట్టి లాగుతున్నట్టు. అప్పటికే కారు మొత్తం కుడిపక్కకు వచ్చేసింది. ఎడమ సీట్లో ఉన్న నాకు లారీ వెనక చక్రాలు చెయ్యి చాపితే తగిలేట్టున్నాయి. సిమెంటు బస్తాల మీద కట్టిన తాడు ఒకటి వదులై టార్పాలిన్ కొస టపటపా కొట్టుకుంటోంది. పైన మలుపులో బస్సు ముక్కు కనిపించింది. రాయచోటి వైపు నుంచి దిగుతోంది.

సరిగ్గా అప్పుడొచ్చింది పికప్. అడిగినప్పుడు రానిది, వద్దనుకున్న క్షణంలో వెనకనుంచి ఎవరో తన్నినట్టు వచ్చింది. వాడు బ్రేకు మీద లేచి నిలబడినంత పని చేశాడు. ఎలాగో లారీ వెనకకు దూరాం. బస్సు హారన్ ఆపకుండా మోగిస్తూ పక్కనుంచి దిగిపోయింది. లారీ కిటికీలోని చెయ్యి మెల్లగా లోపలికి పోయింది.

ఘాట్‌లో ఓవర్‌టేక్ ఏమిటి, తప్పు కదా అంటారు. తప్పే. వాణ్ణి వెనకేసుకు రావడానికి ఇది రాయడం లేదు. ఆ రోజు నన్ను పట్టుకున్న సంగతి వేరు. లారీ డ్రైవర్ అద్దంలో మా కారును చూశాడు. పొట్టిగా, నేలకు అతుక్కుని, రెండే తలుపులున్న ఎర్రకారు. ఇట్లాంటిది నన్ను ఇంతలో దాటేస్తుందని అంచనా కట్టి చెయ్యి ఊపాడు. అతని లెక్కలో తప్పేమీ లేదు. లెక్కలో లేని రెండు సెకన్లు మా ఇంజన్‌లోనే ఎక్కడో పోయాయి. ఎదుటి బస్సు గంటకు 40 కిలోమీటర్ల మీద దిగుతోందనుకున్నా సెకనుకు 11 మీటర్లు. రెండు సెకన్లంటే 22 మీటర్లు. ఘాట్ మలుపులో 22 మీటర్లు అంటే ఏమిటో ఆ దారిలో తిరిగేవాళ్ళకు నేను చెప్పక్కర్లేదు.

కడప నుంచి ఘాట్ ఎక్కితే గువ్వలచెరువు. పాలకోవా కొట్ల వరస ముందు కారు ఆపాం. పొద్దున్నే ఆరున్నర. బాణలిలో పాలు ఇంకా పలచగానే ఉన్నాయి. ఒకాయన పొడుగాటి గరిటెతో అడుగంటకుండా తిప్పుతున్నాడు. ఎప్పుడొచ్చినా కిలో కట్టించుకుని, ఇంకో పావుకిలో అక్కడే తినే మా బామ్మర్ది ఆకులో పెట్టిచ్చిన కోవా వంక చూడను కూడా చూడలేదు.

"తొక్కితి కదా బావా."

"తొక్కినావు."

"పోకపాయె."

"చూస్తాండా కదా పక్కనే కూచోని."

"రెండు సెకండ్లు యాడికి పోయినట్టు మరి?"

రెండేళ్ళ కిందటి మే నెల అది. ఆ ప్రశ్నకు జవాబు దొరకడానికి వారం పట్టింది.

వాడిది బేతంచెర్లలో నాపరాళ్ళు పాలిష్ పట్టే ఫ్యాక్టరీ. వారమంతా రాతిపొడిలో ఉండి, ఆదివారం తెల్లారకముందే కారు తీస్తాడు. కారు బెంగళూరులో సెకండ్ హ్యాండ్‌లో కొన్నది. రెండు లీటర్ల టర్బో పెట్రోల్, గేర్లు చేత్తో వేసుకునేది. కంపెనీ పేరెందుకులెండి. వచ్చిన కొత్తలో బాణంలా పోయేదట. ఆరునెలలుగా మాత్రం తొక్కిన కాలికీ కదిలే బండికీ మధ్య సందు పెరుగుతూ వస్తోంది.

వాడు చెయ్యని వైద్యం లేదు. ముందు ఎయిర్ ఫిల్టర్ విప్పించాడు. నేలకేసి తడితే ముగ్గుపిండి రాలినట్టు బూడిదరంగు పొడి రాలిందట. బేతంచెర్ల బండి కదా, అది చూసి జబ్బు దొరికిందనే అనుకున్నారు. మార్చారు. రెండు రోజులు బాగున్నట్టు అనిపించింది. కొత్త మందు వేసుకున్న రోగికి అనిపించినట్టు. తర్వాత ప్లగ్గులు. తర్వాత థ్రాటిల్ బాడీ విప్పి మసి కడిగించడం. తర్వాత ఎవడో చెప్పాడని ఎక్సలేటర్ పెడల్ దగ్గర తగిలించే ఒక చిన్న డబ్బా తెప్పించాడు. దాంతో కారు కోడెదూడ అయిపోతుందని అమ్మినవాడి మాట. ఆ డబ్బా చేసే పనల్లా ఒకటే: నువ్వు పావు తొక్కితే సగం తొక్కినట్టు కంప్యూటర్‌కు అబద్ధం చెబుతుంది. నేలదాకా తొక్కేవాడికి దాంతో పనేముంది?

చివరికి పెద్ద ఊళ్ళో పెద్ద షోరూముకు తీసుకుపోయాడు. అక్కడ స్కానర్ పెట్టారు. లోపం ఉందని ఏ కోడూ చూపలేదు. ఒక కుర్రాడు ఊళ్ళో నాలుగు సందులు తిప్పుకొచ్చి, "నార్మలే సార్, టర్బో కార్లన్నిటికీ ఇంతే" అన్నాడు.

ఈ "ఇంతే" అనే మాట మీద నాకు పాత కోపం ఉంది. మా అమ్మ మోకాళ్ళ నొప్పికి ఒక డాక్టరు "వయసు పైబడింది, ఇంతే" అన్నాడు. ఇంకో డాక్టరు రక్తం పరీక్ష చేయించాక తెలిసింది, ఇంతే కాదని. స్వభావమూ జబ్బూ ఒకేలా కనిపించేచోట "ఇంతే" అనేస్తే పని సులువు. కానీ ఆ కుర్రాడి మాటలో సగం నిజం ఉంది. టర్బోకు పుట్టుకతోనే కొంత ఆలస్యం ఉంటుంది. ఆ కొంత ఎంత అనేదే మా తగాదా.

పాత అంబాసిడర్లలో, జీపుల్లో పెడల్‌కూ ఇంజన్‌కూ మధ్య కడ్డీయో కేబులో ఉండేది. తొక్కితే అది లాగేది, గాలి దారి తెరుచుకునేది. ఇప్పటి కార్లలో ఆ బంధం తెగిపోయింది. పెడల్ దగ్గర రెండు సెన్సర్లు ఉంటాయి. చాలా కార్లలో ఒకదాని ఓల్టేజీకి రెండోది సగం. ఈ ఇద్దరు సాక్షుల మాట పొసగకపోతే కంప్యూటర్ ఇంజన్ బలం తగ్గించేసి, ఇంటికి చేరితే చాలు అన్నట్టు నడిపిస్తుంది. పొసిగితే ఒక చిన్న మోటారు గాలి పళ్ళాన్ని తిప్పుతుంది. ఆ గాలిని టర్బో ముందే నొక్కి పంపాలి. టర్బోను తిప్పేది ఇంజన్ వదిలే వేడిపొగ. పొగ పెరగాలంటే ఇంజన్‌కు గాలి ఎక్కువ అందాలి, గాలి ఎక్కువ అందాలంటే పొగ పెరగాలి. పెళ్ళి కుదిరితే గాని పిచ్చి కుదరదు, పిచ్చి కుదిరితే గాని పెళ్ళి కుదరదు అన్నట్టు, ఈ రెండూ ఒకదాన్నొకటి లేపుకునే సమయమే టర్బో ఆలస్యం. నిమిషానికి లక్షకు పైగా చుట్లు తిరగాల్సిన చక్రం అది. నిద్రలేవడానికి ఒక ఆవలింత ఉంటుంది మరి.

కాలికీ చక్రానికీ మధ్య ఇన్ని మజిలీలు. ఏ మజిలీలో ఎంతసేపు ఆగుతోందో కొలవకుండా సామాన్లు మార్చుకుంటూ పోతే జేబు ఖాళీ కావడం తప్ప ఏమీ జరగదు. ఈ ముక్క గువ్వలచెరువులో కోవా తింటూ నేనే అన్నాను. అన్నందుకు కొలిచే పని నా నెత్తినే పడింది.

మరుసటి ఆదివారం కడప నుంచి కర్నూలు బయల్దేరాం. స్టీరింగ్ కింద గుచ్చిన స్కానర్ వేలెడంత ఉంది. అది పంపే అంకెలు నా ఫోన్‌లో గీతలుగా పడతాయి. నాలుగు గీతలు పెట్టుకున్నాం. కాలు ఎంత తొక్కింది, గాలి పళ్ళెం ఎంత తెరుచుకుంది, కంప్యూటర్ టర్బోను ఎంత ఒత్తిడి అడిగింది, నిజంగా ఎంత అందింది. మైదుకూరు దాటేదాకా ట్రాఫిక్. చాగలమర్రి దాటాక నాలుగు వరసల రోడ్డు, ముందు వెనక ఎవరూ లేరు. వందకు మించనివ్వనని ముందే ఒట్టు పెట్టించుకున్నా. రెండో గేరు, ఇంజన్ రెండువేల చుట్ల దగ్గర స్థిరంగా ఉంచి, ఒక్కసారిగా నేలదాకా. మళ్ళీ నెమ్మది. మళ్ళీ. తర్వాత మూడో గేరు, ఐదో గేరు. ప్రతిదీ మూడుసార్లు. వినడానికి సరదాగా ఉంటుంది గానీ, తొమ్మిదో సారికి నాకు కడుపులో తిప్పింది.

ఆళ్ళగడ్డలో టీకి ఆగి ఫోన్ చూశాం.

కాలి గీత గోడలా నిలువునా లేచింది. గాలి పళ్ళెం గీత దాన్ని అంటుకునే లేచింది. రెండింటి మధ్య తేడా సెకనులో పదోవంతు లేదు. అంటే పెడల్, దాని సెన్సర్లు, మోటారు, పళ్ళెం ఏ తప్పూ చెయ్యలేదు. ఆరునెలలుగా వాడు తిడుతున్నది నిర్దోషిని. మసి కడిగించిన డబ్బులు, డబ్బా కొన్న డబ్బులు అక్కడికక్కడే నీళ్ళపాలు.

అడిగిన ఒత్తిడి గీత కూడా వెంటనే లేచింది. అందిన ఒత్తిడి గీత మాత్రం ఎండాకాలం మధ్యాహ్నం గేదె లేచినట్టు లేచింది. వెనకబడి, వంగి, పాక్కుంటూ, చివరికి ఎట్లాగో అడిగిన గీతను కలుసుకుంది. రెండో గేరులో ఇంచుమించు రెండు సెకన్లకు. చివరికి కలుసుకుంటోంది కాబట్టే కంప్యూటర్ ఏ కోడూ రాసుకోలేదు. ఆలస్యంగా వచ్చినా హాజరు వేసే పంతులు అది.

"ఎండ బావా," అన్నాడు వాడు. "వేడిగాలి పలచన గదా."

పలచనే. 20 డిగ్రీల గాలితో పోలిస్తే 42 డిగ్రీల గాలి ఏడు శాతం పలచన. అయితే ఏడు శాతం గాలి తగ్గితే ఏడు శాతం బలం తగ్గాలి గానీ రెండు సెకన్లు ఎట్లా మాయమవుతాయి? పైగా ఘాట్‌లో మొరాయించింది పొద్దున ఆరింటికి, చల్లగాలిలో. ఎండను కేసులోంచి తీసేశాం.

అక్కణ్ణుంచి నంద్యాల దాకా వాడు నాకు రెనో కార్ల కంపెనీ కథ చెప్పాడు. ఆ కథ వాడికి అష్టోత్తరంలా నోటికొచ్చు. 1977 జూలై 16. ఇంగ్లండ్‌లో సిల్వర్‌స్టోన్. ఫార్ములా వన్‌లో అందరూ మూడు లీటర్ల మామూలు ఇంజన్లతో వస్తే, ఫ్రాన్స్‌వాళ్ళు లీటరున్నర టర్బో ఇంజన్‌తో పసుపురంగు కారు దించారు. నడిపింది జాన్-పియర్ జబూయ్. పదహారు ల్యాపుల తర్వాత టర్బో దగ్గరే పాడై ఆగిపోయింది. పొగలు కక్కే ఆ కారుకు ఇంగ్లీషువాళ్ళు పసుపు టీపాట్ అని పేరు పెట్టి నవ్వుకున్నారు. పొగకంటే పెద్ద బాధ ఆలస్యం. అంత పెద్ద టర్బో లేవడానికి టైము తీసుకుంటుంది కాబట్టి, మలుపు తిరిగాక కావలసిన బలం కోసం జబూయ్ మలుపులో ఉండగానే తొక్కాల్సి వచ్చేది. కావలసినదానికంటే ముందు అడగాలి, ఎప్పుడొస్తుందో ఊహించుకోవాలి, తప్పితే మట్టిలోకి.

"రెండేండ్లు నగుబాటు బావా. 1979లో ఏం జేసిండ్రు? ఒక పెద్ద టర్బో తీసేసి రెండు చిన్నవి పెట్టిండ్రు, ఇటు మూడు సిలిండర్లకు ఒకటి, అటు మూడింటికి ఒకటి. చిన్న చక్రం బిరీన లేస్తాది గదా. జూలై ఒకటో తేదీ, డిజాన్. జబూయ్ గెలిచె. టర్బో కారు గెలవడం అదే మొదలు."

ఇందులో వాడు చెప్పని ముక్క ఒకటి నాకు తర్వాత తెలిసింది. అదే ఏడాది మార్చిలో దక్షిణాఫ్రికాలోని క్యాలమీలో, ఇంకా ఒంటి టర్బోతోనే, జబూయ్ అందరికంటే ముందు వరసలో నిలిచాడు. అది సముద్రమట్టానికి కిలోమీటరున్నర ఎత్తు. గాలి పలచన. మామూలు ఇంజన్లు అక్కడ రొప్పుతుంటే టర్బో మాత్రం తనకు కావలసిన గాలి తాను నొక్కుకుంది. పలచన గాలికి విరుగుడుగా పనికొచ్చే యంత్రం మా ఎండకు సొమ్మసిల్లిందనడం, చూశారా, మొదట్నుంచీ అతకలేదు.

నా మనసులో మాత్రం వేరే ప్రశ్న తిరుగుతోంది. రెనోవాళ్ళది పుట్టుకతో వచ్చిన ఆలస్యం. మాది మధ్యలో వచ్చింది. చక్రం పెద్దదైపోదు కదా ఆరునెలల్లో. మరి అందాల్సిన గాలి ఎక్కడ పోతోంది?

ఓర్వకల్లు రాళ్ళగుట్టలు దాటి కర్నూలు చేరేసరికి పదకొండు. ఊరి చివర లారీ షెడ్ల వరస. వాడి ఫ్యాక్టరీ లారీల టర్బోలు బాగుచేసే భాయ్ ఒకాయన ఉన్నాడక్కడ. అరవైకి దగ్గర. డీజిల్ నలుపు గోళ్ళలో ఇంకిపోయి ఇక పోదు. స్పోర్ట్స్ కారు లారీ షెడ్డులో నిలబడితే పెళ్ళికూతురు బస్టాండులో నిలబడినట్టుంది. పక్క షెడ్ల పిల్లలంతా మూగారు.

నేను ఫోన్ చాపాను. ఆయన కళ్ళజోడు లేకుండా ఒకసారి చూసి తిరిగి ఇచ్చేశాడు.

"గాలి లీకు ఉండొచ్చు. సూద్దాం ఉండు."

సూద్దాం అన్నది పంచర్ షాపు పద్ధతే. టర్బోలోకి గాలి వెళ్ళే గొట్టం విప్పాడు. ఆ మూతికి లారీ ట్యూబు రబ్బరు కోసి, ట్యూబు వాల్వు ఉన్న ముక్కనే మూతగా బిగించాడు. వాల్వుకు కంప్రెసర్ పైపు. పదిహేను పౌండ్ల గాలి. టర్బో నుంచి ఇంటర్‌కూలర్ (గాలిని చల్లార్చే పెట్టె), అక్కణ్ణుంచి ఇంజన్ దాకా ఉన్న ప్రతి గొట్టం మీద, ప్రతి క్లిప్పు మీద ఆయన దగ్గర పనిచేసే పిల్లోడు పెయింటు కుంచెతో సర్ఫు నీళ్ళు పూశాడు. చిల్లుంటే బుడగ రావాలి.

రాలేదు. మళ్ళీ పూశారు. నురగ ఎండిపోయి తెల్లమచ్చలు పడ్డాయి గానీ ఒక్క బుడగ లేదు.

"టర్బోనే పోయినట్టుంది భాయ్," అన్నాడు మా వాడు. కొత్త టర్బో ధర వాడికి తెలుసు. గొంతులో ఆ ధర పలికింది.

భాయ్ టర్బో మూతిలో వేలు పెట్టి చక్రాన్ని తిప్పి చూశాడు. ఆడించి చూశాడు. "మంచిగుంది," అని చేతులు తుడుచుకుని నమాజుకు వెళ్ళిపోయాడు. మేం పక్కనున్న కొట్లో ఉగ్గాని, మిరపకాయ బజ్జీ తిన్నాం. వాడు మాట్లాడలేదు. నేనూ మాట్లాడలేదు. గాలి పోవడం లేదని సర్ఫు నీళ్ళు సాక్ష్యం చెప్పాయి, పోతోందని గీతలు చెబుతున్నాయి. ఇద్దరూ అబద్ధం చెప్పేవాళ్ళు కారు.

తిరిగొచ్చాక భాయ్ అడిగిన ప్రశ్న ఒక్కటే.

"ఆ లేటు ఏ గేర్లో జాస్తి సార్?"

ఫోన్ తీసి చూశాను. పొద్దున అంకెలు రాసుకున్నానే గాని వాటిని ఒకదాని పక్కన ఒకటి పెట్టి చూడలేదు. "రెండో గేరులో రెండు సెకన్లు. మూడులో ఒకటిన్నర. ఐదులో సెకను కూడా లేదు."

"ఉల్టా ఉంది గదా!"

అవును, తలకిందులుగా ఉంది. ఇంజన్ అవే చుట్ల దగ్గర ఉన్నప్పుడు చిన్న గేరులో బండి తేలిగ్గా లేస్తుంది, చుట్లు చకచకా పెరుగుతాయి, టర్బోకు పొగ త్వరగా అందుతుంది. ఆలస్యమంటూ ఉంటే పెద్ద గేరులో ఎక్కువ ఉండాలి. మాది చిన్న గేరులో ఎక్కువ. ఇది చాగలమర్రిలోనే నా చేతిలో ఉంది. చూడలేదు.

"లారీ ఫస్ట్ గేర్లో లోడు లాగేటప్పుడు బానెట్‌లో సూసినావా సార్ ఎప్పుడన్నా?" అంటూ భాయ్ ముంజేతిని ఒరిగించి చూపించాడు. "ఇంజన్ ఒక పక్కకు ఒరుగుతాది. చిన్న గేరు అంటే చక్రం కాడ బలం జాస్తి. ఆ బలం తిరిగి ఇంజన్నే నూకుతాది. లారీలో పక్కకు. ఈ కార్లో ఇంజన్ అడ్డం పెట్టిండ్రు, ముందుకి వెనక్కి ఊగుతాది." పిల్లోడి వైపు తిరిగి, "టామీ తే రా," అన్నాడు.

లారీ చక్రాల నట్లు విప్పే పొడుగాటి ఇనపకడ్డీ వచ్చింది. మళ్ళీ గాలి పెట్టారు. మళ్ళీ సర్ఫు నీళ్ళు. భాయ్ కడ్డీ కొసకు గోనెగుడ్డ చుట్టి, ఇంజన్‌కూ కింది చట్రానికీ మధ్య దూర్చి, బరువంతా వేసి వెనక్కి తొక్కాడు. ఆపి ఉన్న ఇంజన్ కొండెక్కుతున్నప్పుడు ఎట్లా ఒరుగుతుందో అట్లా ఒరిగింది. ఒరగాల్సిన దానికంటే చాలా ఎక్కువే ఒరిగింది.

స్‌స్‌స్ అని ఒక చప్పుడు. పాము కాదుగదా అన్నట్టు పిల్లోడు ఒకడుగు వెనక్కేశాడు.

ఇంటర్‌కూలర్ నుంచి పైకొచ్చే రబ్బరు గొట్టానికి మధ్యలో అకార్డియన్‌లా మడతలుంటాయి. కింది మడతలోంచి, పైనుంచి చూసేవాడికి కనిపించని చోటునుంచి, చీమలబారులా బుడగలు బయల్దేరాయి. కడ్డీ వదిలేస్తే మడత మూసుకుంది. బుడగలు ఆగిపోయాయి. మళ్ళీ తొక్కితే మళ్ళీ స్‌స్‌స్. గడ్డం గీసుకునే చిన్న అద్దాన్ని కింద పెట్టి చూపించాడు భాయ్. బొటనవేలి గోరంత చీలిక. కారు నిలబడి ఉంటే పెదాలు బిగించుకుని కూర్చుంటుంది. కారు కష్టపడేటప్పుడే నోరు తెరుస్తుంది. షోరూంవాళ్ళు తిప్పిన సందుల్లో అది మాట్లాడే అవసరమే రాలేదు. గువ్వలచెరువు ఎక్కుడులో, రెండో గేరులో, నేలదాకా తొక్కినప్పుడు మాత్రం టర్బో నొక్కిన గాలిలో కొంత బయటికే పోతోంది. ఒత్తిడి తగ్గిందని కంప్యూటర్ టర్బోను ఇంకా వేగంగా తిప్పుతోంది. చిల్లుకుండలో ధార పెంచితే కుండ నిండుతుంది. నిండే టైముకు బస్సు మలుపు తిరిగి వచ్చేస్తుంది.

"దొరికిపాయె!" అని మా వాడు గట్టిగా అరిచాడు. పక్క షెడ్డులోంచి తలలు బయటికొచ్చాయి.

భాయ్ ఇంకా కింద పడుకునే ఉన్నాడు. "దొరకలే. ఇది దెబ్బ. కొట్టినోడు వేరే," అన్నాడు. ఇంజన్ ఊగకుండా కిందనుంచి పట్టుకునే మౌంటింగ్ ఒకటుంటుంది, ఎముకలా రెండు కొసల్లో రబ్బరు. ఆ రబ్బరు సగానికి చినిగిపోయి ఉంది. అది పట్టు వదిలినప్పటినుంచీ ఇంజన్ ఇష్టమొచ్చినట్టు ఊగుతోంది, ఊగినప్పుడల్లా గొట్టాన్ని పీకుతోంది. మన ఎండలకు గట్టిపడిన రబ్బరు ఎన్నాళ్ళు ఓర్చుకుంటుంది? "పైపు ఒకటే మారిస్తే ఆరునెల్లకు మళ్ళీ నా కాడికే వస్తావు," అన్నాడు వాడితో, లేచి కూర్చుంటూ.

నాకు తర్వాత తట్టింది, వాడు కొన్న డబ్బా, వాడు నేలదాకా తొక్కే అలవాటు ఆ మౌంటింగ్‌కు ఎంత సేవ చేశాయోనని. ఆ మాట వాడితో అనలేదు. మా చెల్లెలితో అన్నాను.

గొట్టం, మౌంటింగ్ రెండూ చెన్నై నుంచి రావడానికి నాలుగు రోజులు. పాతవి విప్పాక భాయ్ చినిగిన మౌంటింగ్‌ను తన దగ్గరే ఉంచుకుంటానన్నాడు, పిల్లోడికి చూపించడానికి. కూలి ఎంతంటే వాడు ఊహించినదాంట్లో పదోవంతు కూడా కాదు. ఎక్కువ ఇవ్వబోతే తీసుకోలేదు. "లారీలు నా కాడికే పంపు," అన్నాడు.

మళ్ళీ అదే రోడ్డు, అవే రెండువేల చుట్లు, అదే రెండో గేరు. ఆళ్ళగడ్డలో అదే టీ కొట్టు. ఈసారి అడిగిన గీతా అందిన గీతా అన్నదమ్ముల్లా పక్కపక్కనే లేచాయి. మధ్య సందు అర సెకను, ఇంకాస్త.

వాడు రెండు వేళ్ళతో తెరను లాగి ఆ సందును పెద్దది చేసి చూశాడు. మొహంలో సంతోషం సగమే ఉంది.

"ఇంకా అర సెకండు ఉండాది బావా."

"అది టర్బోది. నీ టీపాట్ వాళ్ళను అడుగు."

"రెండు చిన్నవి పెడితే..."

"గమ్మునుండు."

ఆ వచ్చే ఆదివారం పొద్దున్నే మళ్ళీ ఘాట్. మళ్ళీ సిమెంటు లారీ, ఎక్కుడంతా దాని వెనకే. వాడంతట వాడే తగ్గాడో, నేను పక్కనున్నానని తగ్గాడో తెలీదు. గువ్వలచెరువు దాటి రోడ్డు తిన్నగా సాగేచోట లారీ కిటికీలోంచి చెయ్యి బయటికొచ్చింది. ఈ చేతికి స్టీలు కడియం. ముందుకు ఊగింది.

వాడు వెంటనే తొక్కలేదు. తల పక్కకు వంచి ఎదర రోడ్డంతా ఒకసారి చూసుకున్నాడు. అప్పుడు తొక్కాడు. లారీ చక్రాలు, బిగించి కట్టిన తాళ్ళు, తలుపు మీద రాసిన దేవుడి పేరు, కిటికీ మీద ఆన్చిన మోచెయ్యి వరసగా నా పక్కనుంచి వెనక్కి పోయాయి. అద్దంలో లారీ చిన్నదైపోయింది.

"చూసినావా," అన్నాను.

"ఊఁ. కానీ కొంచెం ఉండాది బావా, ఇంకా," అన్నాడు వాడు.